పాడైన పోస్టల్ బ్యాలెట్ పత్రాలకు బదులు పత్రాల జారీ

నరసరావుపేట: పొరపాటున పాడైన పోస్టల్ బ్యాలెట్‌కు బదులుగా మరొక బ్యాలెట్ పొందే వీలు ఓటరుకు ఉంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలలోని 26వ నిబంధన ఇందుకు ఆధారం. పాడైన పత్రాలను రిటర్నింగ్ అధికారికి తిరిగి అప్పగించి, అది పొరపాటేనని ఆయనకు నమ్మకం కలిగించాలి. ఆ మీదట రెండవ విడత పత్రాలు జారీ అవుతాయి. పాడైన వాటిని రద్దు చేసి, క్రమసంఖ్యలు రాసి, విడి ప్యాకెట్టులో భద్రపరుస్తారు. కావున చిరిగిన కాగితమే కదా అని పారవేయరాదు. పోగొట్టుకున్న పత్రం ప్రస్తావన ఈ నిబంధనలో లేదు. బట్వాడా కాక తిరిగివచ్చిన పత్రాలను మాత్రం అధికారి మళ్లీ పంపవచ్చు. ఓటరు కోరితే స్వయంగా అందజేయవచ్చు.

2023 సవరణ అనంతరం ఎన్నికల విధుల్లోని సిబ్బంది ఫెసిలిటేషన్ కేంద్రంలోనే ఓటు వేయవలసి ఉంది. పొరపాటు జరిగితే కేంద్రం విడిచి వెళ్లకముందే అధికారికి చెప్పడం మేలు.

పల్నాడు జిల్లాలో 2024 మే 13న లోక్‌సభకు, శాసనసభకు ఒకేసారి పోలింగ్ జరిగింది. మాచర్ల, గురజాల ఓటర్లకు శాసనసభ బ్యాలెట్‌తో పాటు నరసరావుపేట లోక్‌సభ బ్యాలెట్ కూడా ఉంటుంది. ఇటువంటప్పుడు కవర్లు తారుమారయ్యే ప్రమాదం అధికం. రెండవ విడత పత్రాలు పొందినవారు పాత కవరు వాడరాదు. ఫారం 13ఎ డిక్లరేషన్‌లోని బ్యాలెట్ క్రమసంఖ్య, 13బి కవరుపై ఉన్న సంఖ్య వేరైతే లెక్కింపులో ఆ కవరు తెరవకుండానే ఓటును తిరస్కరిస్తారు. డిక్లరేషన్‌పై సంతకం, ధ్రువీకరణ లేకున్నా ఫలితం అంతే.