చిన్నమ్మకు వచ్చిన భాషలు

చలి ఎక్కువైంది, ఆ కందికట్టె ఇంకో రెండు నెగట్లో ఎయ్యి అబ్బీ. అమ్మీ, నువ్వు ఇట్లా జరిగి కూచో. అన్యభాషలు రాకపోతే పరిశుద్ధాత్మ లేనట్టేనని హాస్టల్లో ఎవరో అన్నారని రెండు పూట్ల నుంచి సంగటి సరిగ్గా తినడం లేదు నువ్వు. ఆ భాషల సంగతి నేను మా చిన్నమ్మ పక్కన కూచుని చూసినదాన్ని. పంతులమ్మగా ఉన్నన్నాళ్ళూ పుస్తకాలు దొరికితే చదివినదాన్ని. చెప్తా ఇను.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. కడపలో లండన్ మిషను దొరలు 1822లోనే పని మొదలుపెట్టినారు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వాళ్ళు కట్టిందే. నంద్యాల, ముత్యాలపాడు పక్క ఎస్.పి.జి. మిషను వాళ్ళు, కర్నూల్లో బాప్టిస్టులు. ఎవరి గుడి వాళ్ళది. 1947లో మా గుడి దక్షిణ ఇండియా సంఘంలో, అదే సి.ఎస్.ఐ.లో, కలిసినాక కూడా మారిందేం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిచి పాడేది, అయ్యగారు ప్రార్థన చేస్తే ఆమేన్ అనేది, ఇంటికొచ్చేది. ఆడమనిషి గుడిలో నోరు తెరిచి సొంతంగా దేవుణ్ణి అడగడం నా చిన్నప్పుడు నేను చూడలా.

మా చిన్నమ్మకు చదువు రాదు. ఇద్దరు బిడ్డలు వరసగా పోయినారు. మొగుడు బళ్ళారి పక్క కూలికి పోయినోడు మళ్ళీ రాలా. గుడిలో గోడ పక్కన కూచుని కీర్తనకు పెదవులు కదిపేది, అంతే. ప్రార్థన చెయ్యమ్మా అంటే "నాకేం మాటలొస్తాయి" అనేది.

నాకు పెండ్లి కాకముందు పెంతెకొస్తు కాపరి ఒకాయన ప్రొద్దుటూరు పక్కనుంచి సైకిలు మీద రావడం మొదలుపెట్టినాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఒంటి మీద ఉంగరం కూడా లేదు. ఆ సంఘాలు మనకు కోస్తా నుంచి వచ్చినవి. కేరళ నుంచి పి.ఎం. శామ్యూల్ గారు తెలుగుదేశానికి వచ్చి పనిచేసినారు. వాళ్ళ ఇండియా పెంతెకొస్తు సంఘం 1935లో ఏలూరులోనే రిజిస్టరయింది. ఈయన మా మాలగేరిలో ఒక బోదకొట్టంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టినాడు. చిన్నమ్మ పోయింది. తోడుకు నన్ను పంపినారు.

ఆ రాత్రి నాకిప్పటికీ కండ్ల ముందే ఉండాది. పేడతో అలికిన నేల, నడిమిట్లో ఒక లాంతరు, పదిమంది ఉంటారేమో. కంజిర, తాళాలు. పాట అయినాక అందరూ ఒక్కసారే ప్రార్థన ఎత్తుకున్నారు. ఒకరి మాట ఒకరికి వినపడదు, అందుకే ఎవరికీ సిగ్గు లేదు. చిన్నమ్మ ముసుగేసుకుని మోకాళ్ళ మీద ఉండాది. ముందు స్తోత్రం, స్తోత్రం అనింది. తర్వాత బిడ్డల పేర్లు చెప్పింది. ఆ పేర్లు ఆమె నోట విని చానా ఏండ్లయింది. ఆ పేర్ల తర్వాత మాట తెలుగు కాకుండా పోయింది. అరవలా, ఊగలా. రెండు చేతులూ తొడల మీద తెరిచి పెట్టుకుని, ఎండిన వంకకు ఎగువన పడ్డ వాన నీళ్ళొచ్చినట్టు, ఆగకుండా మాట్లాడతానే ఉండాది. ద, ర, ల, బ అన్నీ మన అక్షరాలే, అర్థం మాత్రం నాకు చిక్కలా. కోడి కూసినాక లేచి మొగం కడుక్కుని, చెవి కమ్మలు తీసి కొంగున కట్టుకుంది. మళ్ళీ పెట్టుకోలా.

ఊరంతా పూనకమనే అనింది. మా గుడి పెద్దలు కూడా అదే మాట. చిన్నమ్మ ఎవరితోనూ కొట్లాడలా. నాతో మాత్రం ఒకటి చెప్పింది. "గంగమ్మ పైనొస్తే ఊరు ప్రశ్నలడుగుతాది, అమ్మవారు ఊరికి జవాబు చెప్తాది. నన్ను ఎవరేమడిగినారే? నేనే దేవునికి చెప్పుకున్నా." చదువు లేని మనిషి చెప్పిన ఆ తేడా పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలో ఉండాది. భాషతో మాట్లాడేవాడు మనుషులతో కాదు, దేవునితో మాట్లాడతాడని.

ఈ కాలపు పెంతెకొస్తు ఉద్యమం పెద్దగా లేచింది అమెరికాలో, లాస్ ఏంజెలస్ అజూసా వీధిలో, 1906లో. నడిపించింది విలియం సేమోర్, బానిసలుగా బతికిన నల్లవాళ్ళ కొడుకు, ఒక కన్ను లేదు. కూడుకున్న చోటు ఒకప్పుడు గుడి, తర్వాత గుర్రాలు కట్టిన కట్టడం. మన దేశంలో చూడు, పండిత రమాబాయి. 1870ల కరువులో ఆమె కుటుంబం తిరుపతి పక్క అడవుల్లో ఆకులు తిని బతికింది. తల్లి రాయచూరులో చనిపోయింది. అట్లాంటామె పూనా దగ్గర కేడ్గాంలో ముక్తి మిషను పెట్టి విధవలను, కరువు పిల్లలను సాకింది. 1905లో అక్కడ ఉజ్జీవం లేచింది, కొన్నాళ్ళకు కొందరు పిల్లలు భాషలు మాట్లాడినారు. అందరికంటే తక్కువ మాట దక్కినోళ్ళకే ఇది ముందు వచ్చింది. మా చిన్నమ్మను చూసినాక నాకది వింతగా అనిపించలా. రమాబాయి ఆ వరాన్ని తోసెయ్యలా. కానీ ఆత్మ ఉండాదనేదానికి అసలు గుర్తు ప్రేమేనని గట్టిగా రాసింది.

మీ అన్న మొన్న ఫోన్లో చదివి వినిపించినాడు. 2006లో అమెరికా డాక్టర్లు భాషలు మాట్లాడే ఐదుగురు ఆడోళ్ళ మెదడుకు స్కానింగు తీసినారంట. మాటను మన అదుపులో పెట్టే ముందు భాగం ఆ సమయంలో తక్కువ పనిచేసిందంట. "నేను మాట్లాడలా, ఆత్మ మాట్లాడించింది" అని చిన్నమ్మ అనేది కూడా అదే.

ఇంక నాకు కోపమొచ్చే సంగతి. చిన్నమ్మ భాషలు మాట్లాడిన ఆ రాత్రి తర్వాత చానా ఏండ్లకు ఒక పెద్ద సభలో, ఒక బోధకుడు పిల్లలను వరసగా నిలబెట్టి, హల్లెలూయ బిరబిరా అనండి, నాలుక తిరిగితే అదే అభిషేకం అన్నాడు. మైకు మూతి కాడ పెట్టినాడు. నాలుక తిరగని పిల్ల ఒకటి ఏడ్చుకుంటా బయటికొచ్చి నా ఒళ్ళో పడింది. నీ ఈడే ఉంటాది. పౌలు తాను అందరికంటే ఎక్కువ భాషలు మాట్లాడతానని చెప్పినోడే. అయినా సంఘంలో అర్థమయ్యే ఐదు మాటలే మేలన్నాడు. ఇద్దరు ముగ్గురికి మించొద్దు, అర్థం చెప్పేవాడు లేకపోతే ఊరకుండమన్నాడు. మాట్లాడేవాళ్ళను ఆపొద్దని కూడా అన్నాడు. అందరూ భాషలు మాట్లాడతారా అని అడిగిందీ ఆయనే. హెబ్రోను భక్తసింగ్ గారు ఎంతమందిని దేవుని వైపు తిప్పినారు! ఆయన సంఘాల్లో భాషలు రావాల్సిందేనన్న పట్టింపే లేదు.

నాకు వచ్చినాయా అని అడగాలని ఉండాది గదా నీకు? రాలా. చిన్నమ్మ పక్కనే అన్ని శుక్రవారాలు కూచున్నా రాలా. ఆమె ఒక్కనాడూ ఎందుకు రాలేదని అడగలా. నా కాన్పప్పుడు జొరమొస్తే రాత్రంతా మంచం పక్కన కూచుని ప్రార్థన చేసింది. అంతా తెలుగే. నీ భాషలు ఏమైనాయి చిన్నమ్మా అంటే, "నువ్వు ఆమేన్ అనాల గదే, అర్థం కాకపోతే ఎట్లంటావు?" అనింది.