కల్యాణదుర్గపు పాండవగుళ్లు



1882లో బళ్లారి నుండి వేరుపడి, 2022లో తానును రెండుగా చీలిన మన అనంతపుర మండలమున చరిత్ర యనగానే పెనుగొండయు, గుత్తికోటయు, లేపాక్షి వీరభద్రాలయమును తలపునకు వచ్చును. వానికి వేయేండ్లకు పైబడి పూర్వపువగు కట్టడములు కల్యాణదుర్గము చెంత ముదిగల్లు, గొల్లపల్లి పొలములలో కలవు. జనులు వానిని పాండవగుళ్లనియు, రాక్షసగుళ్లనియు పిలుతురు. అచట పాండవులును లేరు, అవి గుడులును కావు. ఇనుము వాడుక నెరిగిన తొలినాటి జనుల శ్మశానవాటికలవి.

ఆ కట్టుబడి చూడదగినది. నేలలో గుంట త్రవ్వి, అడుగున బండ పరచి, నలుదిక్కుల నాలుగు రాతిపలకలను నిలిపిరి. ఒక్కొక్క పలక యంచు ప్రక్కపలకను దాటిపోవునట్లు స్వస్తికాకారమున నమర్చుటచే, మట్టి యెంత యొత్తినను గోడలు లోనికి కూలవు. పైన మూతబండ, చుట్టును గుండ్ల వలయము. పెక్కింటి తూర్పుపలకకు గుండ్రని రంధ్రముండును. శవము మాంసము వీడిన పిదప ఎముకలను ఏరి తెచ్చి, కుండలతోడను ఇనుప పనిముట్లతోడను లోపల నుంచెడివారు. ఒకే గదిలో పలువురి యెముకలు దొరకుటయు కలదు.

రాయదుర్గమునకు పొరుగున, కర్ణాటకమునందలి మొలకాల్మూరు తాలూకా బ్రహ్మగిరిలో 1947లో వీలరు పండితుడు ఇట్టివానిని త్రవ్వించెను. నలుపు ఎరుపు కలసిన మట్టిపాత్రలును, ఇనుప సామగ్రియు బయల్పడెను. ఆయన వానిని క్రీస్తుపూర్వము 2వ శతాబ్దము నుండి లెక్కించెను. దక్షిణాపథమున నీ యాచారము క్రీస్తుపూర్వము 1000 ప్రాంతమునకే కలదని పిదపటి పరిశోధకులు తేల్చిరి.

మన సంఘమున కొందరు మిత్రులు ఇవి మన మూలపురుషుల సమాధులే యని ఉత్సాహముతో చెప్పుచున్నారు. క్షమింపవలెను, నేనట్లు వ్రాయజాలను. ఆ రాళ్లపై శాసనము లేదు, పేరు లేదు, కులము లేదు. వారు ఏ భాష మాటలాడిరో చెప్పుటకును సాధనము లేదు. మనవారైనను కాకున్నను వారి యెముకలు మన పట్టాభూములలో నున్నవి. మనకు గల సంబంధమిదియే, ఇది చాలును.

గుత్తికోట క్రిందనున్న ఆంగ్లేయుల శ్మశానము నొకమారు తలపవలసియున్నది. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాచే మృతినొందిన మన్రో దొరను అచటనే పూడ్చిరి. 1831లో ఆయన యస్థికలను చెన్నపురి కోటలోని చర్చికి తరలించిరి. ఎముకలు తరలిపోయినను ఆ తొలి సమాధిస్థలమును చరిత్రకారులు నేటికిని పేర్కొనుచున్నారు. పేరులేని వారి గోరీలకట్టి భాగ్యము లేదు.

వానకరవు సీమలో రాతికి గిరాకి ఎక్కువ. సాపు చేసియుంచిన పలక పొలములోనే దొరకినచో రైతు విడుచునా? గట్లకు, కల్వర్టులకు, పశుల తొట్లకు అవి పోయినవి. ఆ నష్టము కొంచెము కొంచెముగా జరిగినది. ఇప్పటి తీరు వేరు. నేల చదునుచేయు జేసీబీ యంత్రము ఒక్క పూటలో పది గుంటలను పెకలింపగలదు. రాతి క్వారీలును, ఇండ్ల ప్లాట్లును, గాలిమరలకై వేయు బాటలును దానికి తోడైనవి. 1958 నాటి కేంద్రచట్టమును, 1960 నాటి రాష్ట్రచట్టమును ప్రకటిత స్థలములను కాపాడును. ప్రకటింపబడని పొలములో యజమాని మనస్సే చట్టము.

కావున భూస్వాములగు పోషకులకు నా మనవి యొకటే. యంత్రమును దింపుటకు మునుపు ఆ బండల ఫొటో తీయించి, సర్వేనంబరు గుర్తించి, పురావస్తుశాఖకొక జాబు వ్రాయుడు.

ఇది పరులకు చెప్పు నీతి కాదు. మా దొడ్డిగోడలో అర్ధచంద్రాకారపు తొలుపు గల పలక యొకటి కలదు. చిన్ననాడు ఆ సందున తలలు దూర్చి ఆడుకొంటిమి. అది యేమియో నాకు నలువది యేండ్లు దాటిన పిమ్మట తెలిసినది. తిరిగి యథాస్థానమున నిలుపుదమని మా పొలమునకు పోయితిని. అంతయు వేరుసెనగ చేనే. ఆ పలక ఏ గుంటనుండి వచ్చినదో చూపగల పెద్దలెవ్వరును మా యూర మిగిలిలేరు.