గర్భసంచి శస్త్రచికిత్సలు: కర్నూలు, కడప ప్రాంతాల్లో మహిళల ఆరోగ్యం, పరిశోధనలు, వైద్య సదుపాయాలు

మాతృ మరణాల తగ్గింపులో ఆంధ్రప్రదేశ్ సాధించిన ప్రగతి గణనీయమైనది. నమూనా రిజిస్ట్రేషన్ విధానం గణాంకాల ప్రకారం 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 195గా ఉన్న మాతృ మరణాలు, 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45కు తగ్గాయి. కాన్పు సమయంలో ప్రాణం దక్కించుకున్న ఆ మహిళ, తదుపరి ఇరవై, ముప్పయి సంవత్సరాలు ఏ ఆరోగ్యంతో జీవిస్తున్నదనే ప్రశ్నకు మాత్రం ఈ అంకెల్లో సమాధానం లభించదు. ఆ ప్రశ్నకు సంబంధించిన ఒక ముఖ్యాంశం గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్స.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశవ్యాప్తంగా ఈ అంశాన్ని తొలిసారి నమోదు చేసినది 2015-16లో. 15 నుండి 49 సంవత్సరాల మధ్య వయస్సు గల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతంగా తేలింది. రాష్ట్రాలన్నింటిలో ఇదే అత్యధికం. తెలంగాణ 7.7 శాతంతో రెండవ స్థానంలో నిలిచింది. 2019-21 సర్వేలోనూ పరిస్థితిలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. అయితే సర్వే ప్రచురించే జిల్లా పట్టికల్లో ఈ అంశానికి చోటు లేదు. అందువల్ల కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ శస్త్రచికిత్స ఎందరికి, ఏ వయస్సులో జరిగిందన్నది ఆ పట్టికల నుండి తెలుసుకోవడం సాధ్యం కాదు. సమస్య తీవ్రతను గుర్తించడంలో ఇదే మొదటి అవరోధం.

సుగ్గి బాటలో ఆరోగ్యం

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతమైన ఆదోని, కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుండి ఏటా పంటలు ముగిసిన తర్వాత వేలాది కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, బెంగళూరు భవన నిర్మాణ పనులకు తరలివెళతాయి. స్థానికంగా దీనిని ‘సుగ్గి’కి పోవడమంటారు. నెలల తరబడి గుడారాల్లో నివాసం, స్నానానికి మరుగు లేకపోవడం, నెలసరి రోజుల్లో సైతం ఎండలో వంగి పనిచేయడం అక్కడి మహిళలకు తప్పవు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల నాపరాయి పనుల్లోనూ మహిళా కూలీలది ఇదే స్థితి. స్వగ్రామంలోని ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తల రికార్డులో పేరున్నప్పటికీ, సుగ్గి కాలంలో ఆ మహిళకు వైద్య సేవలు అందడం కష్టసాధ్యం.

దీనికి బాల్య వివాహాలు తోడవుతున్నాయి. 2019-21 సర్వే నాటికి రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే వివాహం జరిగింది. కుటుంబ నియంత్రణ భారమంతా స్త్రీలదే. రాష్ట్రంలో కు.ని. శస్త్రచికిత్స చేయించుకున్న వివాహిత మహిళలు 69.6 శాతం కాగా, పురుషుల వేసక్టమీ 0.4 శాతం మాత్రమే. మహిళల్లో అత్యధికులు పాతికేళ్లలోపే ఈ శస్త్రచికిత్స చేయించుకుంటున్నారు. ‘పిల్లల పని అయిపోయింది, ఇంకా ఆ సంచి ఎందుకు’ అనే మాట పల్లెల్లో సహజంగా వినిపించడానికి ఈ నేపథ్యమే కారణం. రక్తహీనత సైతం రాష్ట్రంలో 58.8 శాతం మహిళలను పీడిస్తున్నది. అధిక రక్తస్రావం రక్తహీనతను పెంచుతుంది. రక్తహీనతతో నడుమునొప్పి, నీరసం తోడై, మహిళ ఏదో ఒక శాశ్వత పరిష్కారం కోసం అన్వేషిస్తుంది.

తెల్లబట్ట నుండి శస్త్రచికిత్స వరకు

సాధారణంగా జరిగే క్రమం ఇది. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, నెలసరి క్రమం తప్పడం వంటి ఇబ్బందులతో మహిళ తొలుత గ్రామంలోని ఆర్.ఎం.పి. వద్దకు వెళుతుంది. అతను పట్టణంలోని ఒక నర్సింగ్ హోమ్ పేరు సూచిస్తాడు. ఈ సిఫారసు వెనుక కొన్ని సందర్భాల్లో వాటా సైతం ఉంటుంది. అక్కడ స్కానింగ్ తీస్తారు. గర్భసంచి ‘పుచ్చింది’ అనో, గర్భాశయ ముఖద్వారం వద్ద ‘పుండు’ ఉన్నదనో, తొలగించకపోతే క్యాన్సర్‌గా మారుతుందనో చెబుతారు. క్యాన్సర్ అనే మాట విన్న పిదప కుటుంబం వెనుకాడదు. వడ్డీకి అప్పు తెచ్చి, లేదా ఉన్న పుస్తెలు కుదువబెట్టి శస్త్రచికిత్స చేయిస్తారు.

వైద్యశాస్త్రం దృష్ట్యా ఈ వాదనలో బలం లేదు. తెల్లబట్ట అధిక శాతం సందర్భాల్లో ఇన్‌ఫెక్షన్ వల్ల కలిగేది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రూపొందించిన పద్ధతి ప్రకారం లక్షణాలనుబట్టి రంగుల వారీగా మందుల కిట్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు: యోని సంబంధ ఇన్‌ఫెక్షన్‌కు ఆకుపచ్చ కిట్, గర్భాశయ ముఖద్వార ఇన్‌ఫెక్షన్‌కు బూడిదరంగు కిట్, పొత్తికడుపు నొప్పికి పసుపు కిట్. భర్తకు సైతం చికిత్స అవసరమైన సందర్భాలున్నాయి. ఈ విషయం చెప్పేవారు లేకనే అనేక మంది మహిళలకు అదే ఇన్‌ఫెక్షన్ పదేపదే తిరగబెడుతున్నది.

గర్భసంచిలో గడ్డలు, అదుపులేని రక్తస్రావం, గర్భసంచి జారడం, క్యాన్సర్ వంటి స్థితుల్లో శస్త్రచికిత్స నిజంగా అవసరమవుతుంది. ప్రాణం కూడా కాపాడుతుంది. అయితే క్యాన్సర్ మినహా తక్కినవాటిలో అనేక సందర్భాల్లో ముందుగా ప్రయత్నించదగిన మార్గాలున్నాయి. రక్తస్రావాన్ని తగ్గించే మాత్రలు, హార్మోన్ విడుదల చేసే లూప్, గడ్డను మాత్రమే తొలగించే శస్త్రచికిత్స, జారిన గర్భసంచికి ఆసరాగా అమర్చే రింగ్ వీటిలో ముఖ్యమైనవి.

ముట్లుడిగే వయస్సుకు ముందే గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తొలగిస్తే, సహజంగా సుమారు పదిహేనేళ్ల తర్వాత రావలసిన మార్పులు కొన్ని రోజుల్లోనే వచ్చిపడతాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల పటుత్వం క్షీణించడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం వీటిలో కొన్ని. అండాశయాలు ఉంచినప్పటికీ ముట్లుడిగే దశ కొన్నేళ్లు ముందుగా వచ్చే అవకాశముంది. రోజంతా వంగి కలుపు తీసే కూలీకి ఎముకల బలహీనత అంటే జీవనోపాధికే ముప్పు. ముప్పయి ఏళ్ల వయస్సులో నడుమునొప్పి తగ్గుతుందని శస్త్రచికిత్స చేయించుకున్న మహిళ, నలభై ఏళ్లకు అంతకు మించిన నొప్పితో పనికి దూరమవుతున్నది.

పరిశోధనలు వెలుగులోకి తెచ్చిన అంశాలు

ఈ సమస్యను తొలిగా గుర్తించినవారిలో హైదరాబాదుకు చెందిన లైఫ్-హెచ్‌ఆర్‌జి సంస్థ వైద్యులు డాక్టర్ ప్రకాశ్ వింజమూరి, డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి ముఖ్యులు. మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో వారు గ్రామాల వారీగా వివరాలు సేకరించి, నలభై ఏళ్లలోపు మహిళలకు విచక్షణ లేకుండా ఈ శస్త్రచికిత్సలు జరుగుతున్నాయని వెల్లడించారు. గుజరాత్‌లో ‘సేవా’ సంస్థ నడిపిన ఆరోగ్య బీమాలో సభ్యుల క్లెయిములకు ప్రధాన కారణాల్లో ఇదొకటిగా తేలింది. 2019లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే మహిళా కూలీల్లో పదమూడు వేల మందికి పైగా గర్భసంచి తొలగించుకున్నట్లు ప్రభుత్వ సర్వేలో బయటపడటం దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. వలస, నీటి ఎద్దడి, రోజు కూలీ విషయాల్లో బీడ్‌కు, పశ్చిమ కర్నూలుకు గల పోలిక తోసిపుచ్చదగినది కాదు.

2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ప్రారంభమై 2008 మధ్యనాటికి రాష్ట్రమంతటికీ విస్తరించిన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం పేదలకు ఖరీదైన చికిత్సలను అందుబాటులోకి తెచ్చింది. అదే సమయంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో గర్భసంచి తొలగింపులు పెరిగాయన్న విమర్శలు రావడంతో, తదుపరి సంవత్సరాల్లో ఈ శస్త్రచికిత్సను పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయడం జరిగింది. నిర్ణయం సరైనదే. కాని పథకం పరిధికి వెలుపల, సొంత సొమ్ముతో నర్సింగ్ హోముల్లో జరిగే శస్త్రచికిత్సలపై దాని ప్రభావం స్వల్పం. 2015-16 సర్వే ప్రకారం దేశంలో ఈ శస్త్రచికిత్సల్లో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. సగానికి పైగా మహిళలు చెప్పిన కారణం అధిక రక్తస్రావం లేదా నొప్పి.

డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు వెలువరించింది. అనవసర గర్భసంచి తొలగింపుల నివారణకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో జారీ చేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లోగా స్వీకరించి అమలు చేయాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీల ఏర్పాటు, నలభై ఏళ్లలోపు మహిళల శస్త్రచికిత్సలను కారణాలతో సహా నమోదు చేయడం వీటిలో కీలకం. జిల్లా పట్టికల్లో నేడు కనిపించని సంఖ్య కనిపించాలంటే ప్రైవేటు ఆసుపత్రులు సైతం ఈ నమోదులో పాలుపంచుకోవలసి ఉంటుంది.

క్యాన్సర్ భయానికి విరుగుడు

శస్త్రచికిత్సకు ఒప్పించేది క్యాన్సర్ భయమే అయినప్పుడు, దానికి సరైన జవాబు పరీక్ష. పలుచని ఎసిటిక్ ఆమ్ల ద్రావణాన్ని గర్భాశయ ముఖద్వారానికి అద్ది, తెల్లబడిన భాగాన్ని కంటితో గుర్తించే సులభమైన పరీక్షను శిక్షణ పొందిన నర్సులు సైతం చేయగలరు. 2016 జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష జరపాలి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 30 వేలకు పైగా మహిళలపై జరిపి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఒక్కసారి జరిపిన హెచ్.పి.వి. పరీక్షతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గినట్లు తేలింది. అయినప్పటికీ 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న మహిళలు ఐదు శాతానికి మించలేదు.

పరిశోధన పట్ల ప్రజల్లో నమ్మకం కూడా ముఖ్యం. 2009-10లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్.పి.వి. టీకా ఇచ్చిన ప్రాజెక్టులో, అనేక మంది తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లే అంగీకార పత్రాలపై సంతకాలు చేసినట్లు వెల్లడైంది. కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు నిలిచిపోయింది. టీకాపై నెలకొన్న సందేహాలు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం కొనసాగాయి.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల వైద్య అవసరాలు

అవసరం లేని మహిళకు సులభంగా జరిగే శస్త్రచికిత్స, కోరుకున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి దుర్లభం కావడం ఈ రంగంలోని వైచిత్రి. హిజ్రా సమాజంలో ‘నిర్వాణం’గా పిలిచే శస్త్రచికిత్సకు కడప ఒకప్పుడు దక్షిణాదిలో తెలిసిన పేరు. తమిళ రచయిత్రి, రంగస్థల నటి లివింగ్ స్మైల్ విద్య రైలులో కడపకు చేరుకుని, అరకొర వసతులున్న చోట ఆ శస్త్రచికిత్స చేయించుకున్న వైనాన్ని తన ఆత్మకథలో నమోదు చేశారు. పుంస్త్వాన్ని పోగొట్టడం భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్ ప్రకారం తీవ్రగాయం కిందికి రావడంతో, పెద్ద ఆసుపత్రుల వైద్యులు వెనుకాడేవారు. ఫలితంగా ఈ చికిత్స చాటుమాటు వ్యవహారమైంది. రక్తస్రావం, మూత్రనాళ సమస్యలు ఎదురైనప్పుడు ఆదుకునేవారు కరవయ్యారు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో ఇచ్చిన తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును హక్కుగా పేర్కొంది. లింగమార్పిడి శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, వాటికి ముందూ వెనుకా కౌన్సెలింగ్ కల్పించడం ప్రభుత్వాల బాధ్యతగా 2019 చట్టం నిర్దేశించింది. గర్భస్రావ చట్టంలోని ‘మహిళ’ అనే పదం పరిధిలోకి సురక్షిత గర్భస్రావం అవసరమైన ఇతర లింగ గుర్తింపుల వ్యక్తులు సైతం వస్తారని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాష్ట్రంలో 2017 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ విధానానికి ఆమోదం లభించి, నెలకు 1,500 రూపాయల పింఛను మంజూరైంది. 2024 జులై నుండి అది 4 వేల రూపాయలైంది. వైద్యం విషయంలో ఇంతటి ముందడుగు పడలేదు. హైదరాబాదులో 2021లో ప్రారంభమైన ట్రాన్స్‌జెండర్ క్లినిక్, అమెరికా సహాయ నిధులు ఆగిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడింది.

అందుబాటులోని సేవలు

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, 2006లో వైద్య కళాశాలతోపాటు ఏర్పడిన కడప రిమ్స్ ఆసుపత్రి ఈ ప్రాంతానికి ప్రధాన కేంద్రాలు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. కర్నూలుకు రాష్ట్ర క్యాన్సర్ సంస్థ మంజూరైంది. ఆదోని నుండి కర్నూలుకు దూరం సుమారు వంద కిలోమీటర్లు. దినకూలీకి అది ఒక రోజు కూలీ, రానుపోను ఛార్జీలతో సమానమైన భారం. ఆదోని, ప్రొద్దుటూరు ఆసుపత్రుల్లోని స్త్రీవైద్య నిపుణులను ముందుగా సంప్రదించడం దీనికి కొంత ఉపశమనం.

శస్త్రచికిత్స సూచించినప్పుడు స్కానింగ్ నివేదిక, రక్తపరీక్షల ప్రతులను అడిగి తీసుకోవాలి. మరొక ప్రభుత్వ వైద్యుని అభిప్రాయం కోరవచ్చు. అండాశయాలు కూడా తొలగిస్తున్నారా అన్నది అంగీకార పత్రంపై సంతకానికి ముందే తెలుసుకోవాలి. తొలగించిన గర్భసంచిని బయాప్సీకి పంపిన నివేదికను, డిశ్చార్జి కాగితాన్ని భద్రపరచుకోవాలి. సుగ్గికి వెళ్లే కుటుంబాలు వీటిని వెంట ఉంచుకుంటే ఏ ఊరిలోనైనా వైద్యునికి ఉపకరిస్తాయి. ఆరోగ్య సలహాకు 104, అత్యవసర వాహనానికి 108 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.