అచ్చులో మిగిలిన గుడి.. గుట్టపై మిగిలిన ఇర్రమ్ మంజిల్

పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ వైపు మెట్రో ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ ఇర్రమ్ మంజిల్. ఆ పేరు గుట్ట మీది నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ హవేలీది. తెలుగువాళ్లు ఆ గుట్టను ఎర్రగడ్డ అనేవారట. ఆ మాటకు దగ్గరగా ఉందనే ఆయన ‘ఇరమ్’ అని పెట్టారని చెబుతారు. ఫార్సీలో ఇరమ్ అంటే స్వర్గంలాంటి తోట.

ఈ హవేలీది యూరప్ తరహా కట్టడం. కోఠీలో 1803లో మొదలైన రెసిడెన్సీ, అంటే నేటి మహిళా యూనివర్సిటీ పాత భవనం, ముందు వరుస స్తంభాలు కూడా గ్రీకు, రోమన్ పద్ధతివే. ఇలాంటి నమూనాలు దేశాలు దాటడానికి పెద్ద సాయం చేసినవి బొమ్మల పుస్తకాలే.

ఏథెన్స్ బొమ్మలు

1751లో జేమ్స్ స్టువర్ట్, నికొలస్ రెవెట్ అనే ఇద్దరు ఇంగ్లండ్ వాళ్లు ఏథెన్స్ చేరారు. అప్పుడు ఆ ఊరు తుర్కుల ఉస్మానియా సల్తనత్ పాలనలో ఉంది. స్తంభాలు, అరుగులు అన్నీ కొలిచి బొమ్మలు గీశారు. 1762లో లండన్‌లో ‘ది యాంటిక్విటీస్ ఆఫ్ ఏథెన్స్’ మొదటి సంపుటం వచ్చింది. పార్థెనాన్ శిథిలాల మధ్య అప్పుడున్న చిన్న మసీదును కూడా స్టువర్ట్ ఉన్నదున్నట్టు గీశాడు. ఆ మసీదు ఇప్పుడు లేదు.

ఎచింగ్ అంటే?

రాగి పలకకు మైనం లాంటి పూత పూసి, సూదితో బొమ్మ గీస్తారు. యాసిడ్ పోస్తే గీత పడిన చోటే రాగి తినేస్తుంది. ఆ గాళ్లలో సిరా నింపి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో గట్టిగా నొక్కితే బొమ్మ పడుతుంది. ఒక్క పలకతో చాలా ప్రతులు తీయొచ్చు.

పోయాక మిగిలింది

వాళ్లు కొలిచిన వాటిలో ఇలిస్సోస్ నది ఒడ్డున ఉన్న చిన్న గుడి ఒకటి. 1778లో ఊరి గోడ కట్టేందుకు రాళ్లు కావాలని దాన్ని పడగొట్టారు. ఈరోజు ఆ గుడి ఎలా ఉండేదో తెలిసేది ముఖ్యంగా ఆ బొమ్మల వల్లే.

ఇర్రమ్ మంజిల్‌కూ అలాంటి గండమే వచ్చింది. 2019లో కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కట్టడం నిలిచింది.

ప్రతి పాత ఇంటికీ కోర్టు దాకా వెళ్లే అవకాశం ఉండదు. తాతల నాటి దేవిడీ, దర్వాజా, కమాను ఇంకా నిలిచి ఉన్నప్పుడే టేపుతో కొలిచి, ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకుంటే రేపటి పిల్లలకు అదే ఆధారం.