ఎముకకు అతుక్కునే గాజు: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు ఎముకల జబ్బు అనగానే గుర్తొచ్చేది బోరు నీళ్లలోని ఫ్లోరైడే. నడుము బిగుసుకుపోయి, సజ్దాకు వంగలేక కుర్చీలో నమాజు చదివే పెద్దలున్న ఇళ్లలో ‘ఎముకను మళ్లీ పెంచే గాజు వచ్చింది’ అనే మాట వింటే ఆశ పుడుతుంది. ఆ గాజు ఉన్నమాట నిజమే. కానీ అది పనిచేసే జబ్బులు వేరు.

దాని పేరు బయోయాక్టివ్ గ్లాస్. 1969లో అమెరికాలోని ఫ్లోరిడా యూనివర్సిటీలో లారీ హెంచ్ బృందం తయారుచేసింది. యుద్ధంలో కాళ్లూ చేతులూ పోతున్న సైనికుల కోసం, ఒళ్లు తోసిపుచ్చని పదార్థం చేయగలరా అని 1967లో బస్సు ప్రయాణంలో ఒక సైనికాధికారి అడిగిన ప్రశ్నే దీనికి మూలం.

కిటికీ అద్దంలో ఉండే సిలికా, సోడా, సున్నమే ఇందులోనూ ఉంటాయి. అయితే సిలికా 45 శాతమే, పైగా కాస్త ఫాస్ఫేట్ కలుస్తుంది. అందుకే ఒంట్లో మెల్లగా కరుగుతుంది. కరుగుతూ పైన కాల్షియం ఫాస్ఫేట్ పొర కట్టుకుంటుంది. ఎముకలోని ఖనిజమూ అలాంటిదే కాబట్టి ఎముక దాన్ని పట్టుకుని పెరుగుతుంది. (పలకలు కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము సంగతి వేరు, అది ఊపిరితిత్తులను తినేస్తుంది.)

గడ్డ తీసేశాక మిగిలిన గుంత, పంటి చుట్టూ అరిగిన దవడ ఎముక, చెవి వెనుక చీము పట్టిన ఎముక: ఇలాంటి చోట్ల దీన్ని గుళికలుగా నింపుతారు. ఎస్53పి4 అనే రకం బ్యాక్టీరియాను కూడా అణచివేస్తుంది కాబట్టి ఎముకలో చీము పట్టినవాళ్లకు వాడతారు. పెళుసుది గనుక తొడ ఎముక విరిగితే రాడ్డుకు బదులు ఇది పనికిరాదు.

గుంత పూడ్చే పదార్థాల్లో కొన్ని పశువుల ఎముక నుంచి, పంది కొలాజెన్ నుంచి వస్తాయి. ఈ గాజులో జంతు పదార్థం లేదు. ముద్దగా వచ్చే రకాల్లో మాత్రం గ్లిజరిన్ వంటివి కలుపుతారు, ఆపరేషన్‌కు ముందే డాక్టర్ని అడగొచ్చు.

ఫ్లోరోసిస్‌ను ఆనాటి నెల్లూరు జిల్లాలో 1937లోనే డాక్టర్లు నమోదు చేశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే. ఈ జబ్బులో పూడ్చడానికి గుంత ఉండదు. వెన్నెముక అతిగా గట్టిపడి, కీళ్ల చుట్టూ ఉన్న నరాల్లాంటి పట్టీలకూ సున్నం పడుతుంది. గాజు అక్కడ చేసేదేమీ లేదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. కాళ్లలో పట్టు తప్పుతుంటే వెన్నుపాము నలుగుతోందేమో అని వెంటనే న్యూరో సర్జన్‌కు చూపించాలి.