మారిక కోరిన వరం

పొద్దుగుంకింది. మంద ఇల్లు చేరింది. గుంజకు కట్టిన దూడ ఆకలికి తాడు తెంపుకునేలా గింజుకుంటోంది. మారిక చెంబు పట్టుకుని ఆవు పక్కన గొంతుక్కూచుంది. పొదుగు నిమిరింది. ఒట్టి తోలు చేతికి తగిలింది. నిన్నా ఇంతే. మొన్నా ఇంతే.

మర్నాడు మంద వెనకాలే నడిచింది. ఆ ఆవు మిగతావాటిని విడిచి పొదల్లోకి దారి తీసింది. అక్కడో పుట్ట. ఆవు దానిమీద నిలబడగానే, ఎవరూ పిండకుండానే పాలు ధార కట్టాయి. మారిక అక్కడే చేతులు జోడించింది. పుట్టలో వెలసిన చెన్నకేశవుడు వరం కోరుకోమన్నాడట. ఆమె బంగారం అడగలేదు, భూమి అడగలేదు. ఈ చోటు తన పేరుతో నిలవాలని కోరింది.

మార్కాపురం పెద్దలు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. పుట్ట ఉన్నచోట గుడి, గుడి చుట్టూ తేరు తిరిగే వీధులు, ఊరికి మారికాపురం అన్న పేరు.

ఇక్కడికి దగ్గర్లోనే కంభం చెరువుంది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేయించింది శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అంటారు. చెరువు కట్టించిన రాణి పేరు చెరువుకు రాలేదు. ఆవులు మేపుకున్న ఇల్లాలి పేరు మాత్రం ఊరికి నిలిచింది. నాకీ కథలో గుండె తడి చేసే మాట ఇదే.

ఆ తర్వాత 1876-78 నాటి ధాత కరువు కర్నూలు సీమను పీల్చి పిప్పి చేసింది. ఈ ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. ప్రకాశం జిల్లాలో కలిసింది 1970లో. కరువు సీమలకు గింజలు చేరాలంటే రైలు కావాలని తెల్లదొరలకు అప్పుడు తెలిసొచ్చింది. నల్లమలను తొలిచి గుంటకల్లు, బెజవాడల మధ్య మీటరు గేజి లైను వేశారు. స్టేషను ఊళ్లోకి రాలేదు. అందుకే దాని పేరు మార్కాపూర్ రోడ్. ఊరే అటువైపు నడిచింది.

ఆ రైలెక్కి దేశమంతా తిరిగింది మార్కాపురం పలక. గని నుంచి తెచ్చిన రాతిదిమ్మెను నిలబెట్టి, అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడితే పుస్తకంలో పేజీలా ఒక్కో పొర విడుతుంది. కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. ఆ బూడిదరంగు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న కూలీల చలవతోనే ఎక్కడెక్కడి పిల్లలో అ ఆలు దిద్దారు. పలకల కార్ఖానాల చుట్టూ కొత్త పేటలు వెలిశాయి. వాటిని నిలబెట్టిన ఆ కూలీల పేర్లు ఏ వీధికైనా ఉన్నాయా?

ఈసారి చెన్నకేశవుడి తేరు లాగేటప్పుడు, పక్కనున్న పిల్లలకు మారిక ఎవరో చెప్పండి.