నెల్లూరు నుంచి నేటాల్‌కు: తెలుగు బాప్టిస్టు మిషన్ చరిత్ర

అమెరికా బాప్టిస్టు సంఘాలు పంపిన మిషనరీ శామ్యూల్ డే 1836లో భార్యతో సహా విశాఖపట్నం తీరానికి చేరాడు. కొంతకాలం మద్రాసులో పనిచేసి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. తెలుగు నేలపై అమెరికన్ బాప్టిస్టుల పనికి ఆ ఊరే తొలి కేంద్రం అయింది.

ఈ పనిని పోషించినవి అమెరికాలోని ఊరూరి సంఘాలు. ఆదివారం ఆరాధనల్లో పోగైన కానుకలు బోస్టన్‌లోని కేంద్ర సంస్థకు చేరేవి. మిషనరీల జీతాలు, ప్రయాణ ఖర్చులు, బడుల నిర్వహణ ఆ నిధి నుంచే సాగేవి. మిషనరీలు రాసి పంపే ఉత్తరాలను, నివేదికలను చదివి సంఘాలు మళ్లీ చందాలు పోగుచేసేవి. 1871లో ఏర్పడిన బాప్టిస్టు స్త్రీల మిషన్ సంఘాలు ఆడపిల్లల చదువుకు, స్త్రీల మధ్య సేవకు విడిగా నిధులు సేకరించి, మహిళా మిషనరీలను పంపాయి.

అయితే మొదటి పాతికేళ్లలో నెల్లూరులో సంఘం పెద్దగా పెరగలేదు. జబ్బుపడిన డే 1846లో స్వదేశానికి తిరిగి వెళ్లాడు. ఖర్చుకు తగిన ఫలితం లేదని, ఈ మిషన్‌ను మూసేయాలని అమెరికాలో పలుమార్లు చర్చ జరిగింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సమావేశంలో ఆ ప్రతిపాదన గట్టిగా ముందుకు వచ్చింది. మిషన్ పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందన్న మాట ఆధారంగా శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఒక గీతం రాశాడు. అది సభ్యులను కదిలించింది, మిషన్ నిలిచింది. అప్పటినుంచి దానికి ‘లోన్ స్టార్ మిషన్’ అనే పేరు స్థిరపడింది. 1862లో మరోసారి మూసివేత మాట వచ్చినప్పుడు, నెల్లూరులో పనిచేసి అప్పుడు అమెరికాలో ఉన్న మిషనరీ లైమన్ జ్యూయెట్ ఒప్పుకోలేదు. సంస్థ ఆదుకోకపోయినా తాను తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యే బతుకుతానని తేల్చిచెప్పాడు. 1865లో అతడు తిరిగి వచ్చినప్పుడు వెంట మరో మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కూడా వచ్చాడు.

క్లౌ 1866లో ఒంగోలుకు మారాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. అది పెరగడానికి మూలకారకుడు తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులంలో పుట్టిన పేరయ్య తన బంధువుల పల్లెలన్నీ తిరిగి సువార్త చెప్పాడు. సువార్త పల్లె నుంచి పల్లెకు పాకింది ఇలాంటి స్థానిక బోధకుల కాలినడకతోనే. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న వేలమందికి కూలి ఇప్పించాడు. సాయం కోసమే జనం చేరుతున్నారన్న మాట రాకుండా కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మూసేయాలనుకున్న మిషన్ కొన్నేళ్లకే అమెరికన్ బాప్టిస్టుల అతిపెద్ద విదేశీ మిషన్లలో ఒకటిగా ఎదిగింది. రామాయపట్నం వేదాంత పాఠశాల తెలుగు పాదిరులను తయారుచేసింది.

సంఘాలు పెరిగాక తమ కానుకలతో తామే సువార్త పని నడపాలన్న ఆలోచన బలపడింది. ఆ సంకల్పంతో తెలుగు బాప్టిస్టులు సొంతంగా హోం మిషన్ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. దాని పని సముద్రం దాటడానికి కారణం వలస. 1860 నుంచి 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో బాప్టిస్టులూ ఉన్నారు. చెరకు, తేయాకు తోటల్లో పనిచేస్తున్న వీరికి తెలుగులో ఆరాధన నడిపే పాదిరి కావలసి వచ్చింది.

నెల్లూరు ప్రాంతానికి చెందిన జాన్ రంగయ్యను హోం మిషన్ సంఘం 1903లో కుటుంబంతో సహా నేటాల్‌కు పంపింది. అదే ఏడాది డిసెంబరులో, హ్యూలెట్ కుటుంబపు తేయాకు తోట ఉన్న కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య అక్కడి నుంచి ఇతర తోటలకు, పట్టణాలకు వెళ్లి సంఘాలు స్థాపించాడు. ఒక సంఘాన్ని ఆదుకోవడమంటే మనిషిని పంపి చేతులు దులుపుకోవడం కాదు. దూరదేశంలోని పనివాడి పోషణకు ఏటేటా కానుక పోగుచేయాలి. నెల్లూరు సంఘాలు అమెరికా సంఘాల నుంచి నేర్చుకున్న ఈ క్రమశిక్షణను తామే ఆచరించాయి. రంగయ్య 1915లో నేటాల్‌లోనే కన్నుమూశాడు. ఆ కాలంలోనే అక్కడి తెలుగు బాప్టిస్టులు రెండు శాఖలుగా విడిపోయారు. తరాలు మారేకొద్దీ ఆరాధన ఇంగ్లీషులోకి మళ్లింది.

తెలుగు నేలపై కూడా బాధ్యతలు క్రమంగా తెలుగువారి చేతికి వచ్చాయి. 1962లో ‘తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం’ అనే సంస్థ ఏర్పడి, మిషనరీలు నడిపిన పనికి స్థానిక నాయకత్వం వచ్చింది. పరాయి దేశపు ఆసరాతో పుట్టిన సంఘం మరో దేశంలోని తనవారికి ఆసరా కాగలదని నేటాల్ చరిత్ర నిరూపించింది. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఒంగోలు బాప్తిస్మాలకు దక్కిన స్థానం రంగయ్య ప్రయాణానికీ దక్కాలి.